కథానాయకుడు తప్పించుకు తిరుగుతున్న సంగతిని చిన్న పాత్రలు అతని ఎదుట ఎలా నిలబెడతాయి?

కొత్తకలం (ప్రశ్న):

నేను రాస్తున్న మొదటి నవల చిత్తుప్రతి పూర్తయింది. ఒక్క అధ్యాయం మాత్రం ఎంత తిరగరాసినా నిలబడటం లేదు కనుక, నవలలు శ్రద్ధగా చదివే ఇక్కడి మిత్రుల అభిప్రాయం కోరుతున్నాను.

కథ క్లుప్తంగా ఇది. కృష్ణా జిల్లాలో ఒక ఊరు, ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి పోయాక జరిగిన పంపకంలో అన్నగారు, అంటే మన కథానాయకుడు, కాలువ కింది మాగాణి అంతా తన వాటాకు వచ్చేలా పారిఖత్తు (పంపకాల దస్తావేజు) రాయించుకుంటాడు. తమ్ముడికి మెట్ట చేను మిగులుతుంది. తమ్ముడు అప్పుడే మేజరైన కుర్రవాడు, అన్న చూపించిన చోటల్లా చదవకుండా సంతకం పెట్టాడు. ఇరవై ఏళ్ళ తరువాత, హైదరాబాదులో కళాశాల అధ్యాపకుడిగా స్థిరపడిన అన్న తల్లి సంవత్సరీకానికి ఊరు వస్తాడు. ఆ పంపకంలో తాను చేసిన అన్యాయం ఏమీ లేదని అతని నమ్మకం. తమ్ముడి కళాశాల ఫీజులు కట్టింది తానేననీ, తల్లి మందులకు నెలనెలా డబ్బు పంపింది తానేననీ, ఆ నమ్మకానికి కావలసిన ఆధారాలన్నీ అతను పోగుచేసి పెట్టుకున్నాడు.

ఆ పారిఖత్తు రాసిన ముసలి దస్తావేజు లేఖరిని నేను కథలోకి తెచ్చాను. ఒక రాత్రి అరుగు మీద కూర్చుని ఆయన కథానాయకుడికి నాలుగు మంచి మాటలు చెబుతాడు, అతని కళ్ళు తెరుచుకుంటాయి, తెల్లవారి తమ్ముడి ఇంటికి వెళతాడు. చదివిన మిత్రులు ఇద్దరూ అక్కడే పుస్తకం పక్కన పెట్టామన్నారు. ఆ ముసలాయన రచయిత గొంతుతో మాట్లాడుతున్నాడని ఒకరి ఫిర్యాదు. పోనీ ఆయన్ను తీసేద్దామంటే, కథానాయకుడు ఒంటరిగా ఆలోచించి తనంతట తానే మారిపోవలసి వస్తుంది, అది ఇంకా పేలవంగా ఉంది. చిన్న పాత్ర ఇటువంటి పని చేయగలదా, చేస్తే ఎలా చేయాలి?

పాతబీరువా (సమాధానం):

మీ మిత్రుడు అన్న మాటలోనే జవాబు సగం ఉంది. హితవు చెప్పడానికే వచ్చిన పాత్రకు కథలో తనదంటూ పని ఉండదు. కథానాయకుడి బాగు తప్ప అతనికి వేరే అక్కర లేదని పాఠకుడు ఇట్టే పసిగడతాడు, అప్పటినుంచి ఆ మాటలు చెవికెక్కవు. నాకు తెలిసినంతలో ఈ పనిని అతి తక్కువ చోటులో, అతి చక్కగా చేసిన పాత్ర డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లోని దర్జీ దుకాణపు కుర్రవాడు. అతనికి పేరైనా లేదు. దుకాణం యజమాని పేరు ట్రాబ్ కనుక నవల పొడుగునా 'ట్రాబ్ కుర్రాడు' అనే అంటారు.

1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు వరకు వారం వారం పత్రికలో వెలువడిన ఆ నవలలో పిప్ అనే అనాథను అక్క, బావ పెంచుతారు. బావ జో కమ్మరి, చదువు రానివాడు, పిప్‌ను ప్రాణంగా చూసుకున్నవాడు. ఎవరో పేరు చెప్పని దాత డబ్బు పెట్టడంతో పిప్ లండన్ వెళ్ళి దొరబాబు అవుతాడు, జో అంటే సిగ్గుపడటం మొదలుపెడతాడు. తరువాత తన పట్టణానికి వచ్చినా జో ఇంటికి వెళ్ళకుండా సత్రంలోనే దిగుతాడు. అక్కడ దిగడానికి కారణాలు కల్పించుకుంటూ, లోకంలోని మోసగాళ్ళెవరూ తనను తాను మోసగించుకునేవాడికి సాటి రారని అతనే ఒప్పుకుంటాడు కూడా. గమనించవలసింది ఇదే: తన తప్పు అతనికి తెలుసు. తెలిసినవాడికి ఎవరైనా వచ్చి మళ్ళీ చెబితే ఒరిగేదేముంది?

ముప్పయ్యో అధ్యాయంలో పిప్ కొత్త బట్టలు వేసుకుని పెద్దవీధిలో నడుస్తూ ఉంటాడు. ఖాళీ నీలిసంచితో తనను తాను కొట్టుకుంటూ ట్రాబ్ కుర్రాడు ఎదురు వస్తాడు. పిప్‌ను చూడగానే అతని మోకాళ్ళు కొట్టుకుంటాయి, టోపీ ఊడిపడుతుంది. ఈ మహానుభావుడి వైభవం చూసి హడలిపోయినట్టు, పట్టుకోండి పట్టుకోండి అని అరుస్తూ రోడ్డు మీద తూలిపోతాడు, దుమ్ములో సాగిలపడతాడు. కాసేపటికి ఇంకో సందు మలుపులో మళ్ళీ ప్రత్యక్షమై అదే నాటకం. మూడోసారి ఆ సంచినే కోటులా భుజాన వేసుకుని, వెంట పిల్లల గుంపుతో, పిప్ నడిచే ఠీవినే అనుకరిస్తూ, మీరెవరో నాకు తెలియదు అన్న మాటను దొరల యాసలో వల్లిస్తూ పోతాడు. ఆ కుర్రాడికి జో సంగతి పట్టదు, పిప్‌ను సంస్కరించాలన్న ఉద్దేశమూ లేదు. అతనికి కావలసింది వినోదం. అయితే అతను వేళాకోళానికి ఎంచుకున్న ఆ ఒక్క మాటా పిప్ నోటితో అనకుండా జో విషయంలో రోజూ చేస్తున్న పనే. కడుపారా తిట్టినా పిప్ తట్టుకునేవాడు. తన నడకనే తన ఎదుట మరొకడు నడిచి చూపిస్తే ఏ వాదనతో తిప్పికొట్టగలడు?

దాని ఫలితం చూడండి. పిప్ మారిపోడు. ఇటువంటి కుర్రాడిని పనిలో పెట్టుకున్న దుకాణంతో ఇక లావాదేవీలు ఉండవని ట్రాబ్‌కు ఉత్తరం రాస్తాడు. లండన్ చేరగానే జోకు ఒక కాడ్ చేపను, ఒక పీపా ఆయిస్టర్లను పంపిస్తాడు, తాను స్వయంగా వెళ్ళనందుకు పరిహారంగా. ఆ చేపను పంపడంలో ఎంత అపరాధభావం ఉందో, ఎంత తప్పించుకోవడం ఉందో కొలిచి చెప్పడం కష్టం. చిన్న పాత్ర తగిలించిన దెబ్బకు కథానాయకుడు వెంటనే మంచివాడు కానక్కరలేదు. దాక్కునే చోటు ఒకటి పోయిందని పాఠకుడికి తెలిస్తే చాలు.

ఇంకొక సంగతి. ఆ కుర్రాడు కనిపించేది మొత్తం 59 అధ్యాయాల్లో 3 చోట్ల మాత్రమే. 19వ అధ్యాయంలో, పిప్ కొత్త బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు, ఏ కమ్మరికీ తాను తీసిపోనన్నట్టు చీపురును ప్రతి మూలకూ ఠపఠప తగిలిస్తూ దుకాణం ఊడుస్తాడు. 30లో వీధి నాటకం. 53లో, పాత పగ పెట్టుకున్న ఆర్లిక్ చేతిలో సున్నపు బట్టీ దగ్గర పిప్ చావబోతున్నప్పుడు, స్నేహితులకు దారి చూపించి అక్కడికి తీసుకువచ్చింది ఈ కుర్రాడే. పిప్ అతనికి 2 గినీలు ఇచ్చి, ఇన్నాళ్ళూ నిన్ను చెడ్డగా అనుకున్నందుకు క్షమించమంటే, ఆ క్షమాపణ అతని మీద ఏ ప్రభావమూ చూపలేదని డికెన్స్ రాస్తాడు. ప్రాణం కాపాడినవాడు కూడా మనసు మార్చుకుని రాలేదు, ఎప్పటి ఆకతాయితనంతోనే వచ్చాడు. మీ లేఖరికి లేనిది ఈ మొండితనమే అనిపిస్తోంది.

విశాఖ చదువరి (సమాధానం):

పాతబీరువా గారి ఉదాహరణతో ఏకీభవిస్తూనే, ఒక్క చిన్న పాత్ర ఒక్క దెబ్బతో ఈ పని పూర్తిచేస్తుందన్న ఆశ పెట్టుకోవద్దని చెప్పదలచుకున్నాను. దొస్తాయెవ్‌స్కీ 1866లో ప్రచురించిన 'నేరము-శిక్ష'లో వడ్డీ వ్యాపారి ముసలమ్మను గొడ్డలితో చంపిన కథానాయకుడు రాస్కోల్నికోవ్ చేత నిజం ఒప్పించింది, కుటుంబం కోసం ఒళ్ళమ్ముకోవలసి వచ్చిన సోనియా అని అందరమూ అంటాం, అది నిజమే కానీ, ఆమె దగ్గరికి చేరేలోపు అతనికి తగిలినవాళ్ళు ఎందరో ఉన్నారు. వారిలో నన్ను ఎక్కువగా వెంటాడేది పేరు లేని ఒక చిరువ్యాపారి.

హత్య జరిగిన కొన్నాళ్ళకు రాస్కోల్నికోవ్ తనను తాను ఆపుకోలేక ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి, గంట మోగించి, నెత్తురు సంగతి అడుగుతాడు. అక్కడున్నవాళ్ళు తాగుబోతని తోసివేస్తారు. ఇతన్ని అనుమానించకుండా వదిలేశారే అన్న చిరాకు ఈ వ్యాపారికి మాత్రం పట్టుకుంటుంది. చిరునామా కనుక్కుని వస్తాడు, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోబోతాడు, రాస్కోల్నికోవ్ వెంటపడి పలకరిస్తే, తగ్గు గొంతుతో స్పష్టంగా 'హంతకుడు' అంటాడు. ఎవరిని గురించి అంటున్నావని అడిగితే, నిన్నే అంటాడు. అతని దగ్గర ఉన్న ఆధారం ఆ గంట మోగిన రాత్రి తాను చూసిందే. అయినా నవలలో ఆ మాటను మొదటిసారి రాస్కోల్నికోవ్ ముఖం మీద అన్నవాడు, తెలివితేటల్లో దిట్ట అయిన దర్యాప్తు అధికారి పోర్ఫిరీ కాదు, ఈ అనామకుడు.

తరువాత జరిగేది మరీ విచిత్రం. ఒక రంగులు వేసే కూలివాడు చేయని హత్యను తానే చేశానని ఒప్పుకోవడంతో, ఈ వ్యాపారి తన అనుమానమే తప్పనుకుని, రాస్కోల్నికోవ్ గదికి వచ్చి నేలకు వంగి, నిన్ను గురించి చెడుగా తలచాను, క్షమించమంటాడు. నిర్దోషి దోషి ముందు వంగి క్షమాపణ అడిగే ఆ దృశ్యంలో రాస్కోల్నికోవ్‌కు సిగ్గు రావలసిన చోట హాయి కలుగుతుంది, ఇంక పోరాడవచ్చునన్న ఉత్సాహం వస్తుంది. చిన్న పాత్ర ఎదుట నిలిపిన నిజం నుంచి కూడా కథానాయకుడు కొత్త సాకు వెతుక్కోగలడు. కొత్తకలం గారూ, మీ అధ్యాపకుడు అటువంటివాడే అని నాకు తోస్తోంది. ఫీజుల లెక్కలు అన్ని చేసిపెట్టుకున్నవాడు ఒక్క రాత్రిలో లొంగడు.

మరొక పాత్రను గురించి కూడా చెప్పాలి. లిజవేత, చంపదలచుకోకుండానే రాస్కోల్నికోవ్ చంపిన రెండో మనిషి, వడ్డీ వ్యాపారి ముసలమ్మ చెల్లెలు. ముసలమ్మను చంపడానికి అతని దగ్గర సిద్ధాంతం ఉంది, లిజవేత విషయంలో ఏమీ లేదు. కాబట్టి ఆమెను అతను దాదాపు తలచుకోనే తలచుకోడు. తలచుకోకపోతేనేం, సోనియా అతనికి చదివి వినిపించే బైబిలు ప్రతి లిజవేత ఇచ్చిందే. సోనియా ముందు నిజం బయటపెట్టే క్షణంలో, భయంతో చేయి చాచిన సోనియా ముఖంలో అతనికి కనిపించేది గొడ్డలి చూసి చేయి అడ్డుపెట్టిన లిజవేత ముఖం. చనిపోయిన మనిషి, ఒక్క హితవు మాటా అనని మనిషి, అతని సిద్ధాంతం అంతటికీ జవాబు అయింది. మీ కథలో తల్లి పోయింది కదా. ఆమె తమ్ముడి ఇంట్లో వదిలి వెళ్ళిన వస్తువు ఏదైనా, ఆమె చివరి రోజుల్లో మాగాణిని గురించి ఎవరితోనో అన్న మాట ఏదైనా, లేఖరి కంటే బరువుగా పనిచేయవచ్చు.

ఎర్రగీత (సమాధానం):

పై ఇద్దరూ తాము చెప్పిన నవలల్లో కథానాయకుడు చివరికి ఏదో ఒక రీతిలో సమస్యను ఎదుర్కొన్నాడు కనుక చిన్న పాత్రల గొప్ప చెబుతున్నారు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'ను ఒకసారి తలచుకోండి. ఆ నవల కథానాయకుడు సీతారామారావు చుట్టూ సహించే భార్య ఉంది, లోకాన్ని సవ్యంగా చూడగల రామయ్యతాత ఉన్నాడు. ఆ తాత మాటలు మీ లేఖరి మాటల కంటే ఎంతో ఆలోచించదగినవి, అయినా సీతారామారావు తన వినాశనం నుంచి తప్పుకోలేకపోయాడు. అక్కడ తాత పాత్ర వృథా పోయిందని ఎవరూ అనరు, ఎందుకంటే అంత వెలుతురు పక్కనే ఉన్నా అందుకోలేకపోయాడన్నది తెలిస్తేనే ఆ అసమర్థత లోతు మనకు తెలుస్తుంది. హితవు చెప్పే పాత్ర ఉండటం తప్పు కాదు. హితవు చెప్పగానే పని జరిగిపోవడం తప్పు.

నా అభ్యంతరం ఇంకొకటి కూడా ఉంది. చిన్న పాత్రలు కథానాయకుడికి 'సహాయపడటానికి' ఉన్నాయన్న మాట నాకు రుచించదు. ఆ మాటతో మొదలుపెట్టినవాళ్ళ నవలల్లో పనిమనిషి, రిక్షా అతను, టీ కొట్టు ముసలాయన అందరూ అవసరానికి వచ్చి ఒక వేదాంత వాక్యం చెప్పి మాయమవుతుంటారు. మన వారపత్రికల సీరియళ్ళలో ఇటువంటి టీ కొట్టు జ్ఞానులను కావలసినంత మందిని చూశాం.

కొత్తకలం:

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. ఎర్రగీత గారి మాట కటువుగా ఉన్నా నా లేఖరి ఆ జ్ఞానుల కోవకే చెందుతాడు, సందేహం లేదు. ఇప్పుడు నా ఇబ్బంది వేరు. లేఖరికి తన సొంత అక్కర ఒకటి ఉండాలన్నది అర్థమైంది. డబ్బు అడగడానికి వచ్చాడని రాస్తే బెదిరించి గుంజుకునేవాడిలా కనిపిస్తాడేమో, కథ నేర పరిశోధన వైపు పోతుందేమో అని భయంగా ఉంది. అతన్ని చెడ్డవాణ్ణి చేయకుండా ఈ పని ఎలా సాధ్యం?

పాతబీరువా:

చెడ్డవాణ్ణి చేయవద్దు. కృతజ్ఞత గలవాణ్ణి చేయండి.

పంపకం జరిగిన రోజున మీ కథానాయకుడు రాతకూలి కాక లేఖరి చేతిలో విడిగా కొంత పెట్టి ఉంటాడు, హద్దుల వివరం తమ్ముడికి చదివి వినిపించే తతంగం లేకుండా త్వరగా ముగించమని. లేఖరి దృష్టిలో అది లంచం కాదు, పెద్దింటి అబ్బాయి చూపిన ఔదార్యం. ఆ డబ్బుతో ఆయన ఇంటి పైకప్పు బాగుచేయించుకున్నాడు. ఈ ఇరవై ఏళ్ళలో కథానాయకుణ్ణి గురించి ఊళ్ళో మంచిగా చెప్పుకునే మనిషి ఎవరైనా ఉంటే అది ఆయనే. ఇప్పుడు మనవరాలికి అధ్యాపకుడి కళాశాలలో సీటు కావాలి, ఆ మాట అడగడానికి సంవత్సరీకం భోజనాలకు వచ్చాడు. చెవి సరిగా వినపడదు, కనుక గట్టిగా మాట్లాడతాడు. బంతిలో కూర్చుని, పప్పు వడ్డిస్తున్న తమ్ముడి భార్య వినేలా, ఆ రోజు మీరు విడిగా ఇచ్చిన పైకంతోనే బాబూ మా ఇల్లు నిలబడింది అని మనసారా చెబుతాడు. ఆమె గరిటె ఆగదు, పక్క విస్తరికి వెళ్ళిపోతుంది. అధ్యాపకుడికి ఆ అన్నం దిగదు, అయినా పైకి ఏమీ అనలేడు, ఎందుకంటే ఆయన్ను ఆపాలంటే ఏ పైకమో ఎందుకిచ్చాడో తానే చెప్పాలి.

నిందిస్తే అతనికి ఫీజుల లెక్క ఉంది, బెదిరిస్తే చెక్కుబుక్కు ఉంది. కృతజ్ఞతకు అతని దగ్గర జవాబు లేదు. సీటు అడిగి ఆ ముసలాయన తన దారిన పోతాడు, తానేం చేశాడో ఆయనకు ఎప్పటికీ తెలియనక్కరలేదు.

విశాఖ చదువరి:

ఈ ఏర్పాటు నాకు నచ్చింది. అయితే ఆ మాట విన్నది తమ్ముడు కాక తమ్ముడి భార్య కావడంలో ఉన్న సౌలభ్యాన్ని వదులుకోకండి. ఆమె అది భర్తకు చెబుతుందో లేదో అధ్యాపకుడికి తెలియదు. సాయంత్రం తమ్ముడు మామూలుగా మాట్లాడినా అతనికి అనుమానమే, మాట్లాడకపోయినా అనుమానమే. మీ చిత్తుప్రతిలో రాత్రి కళ్ళు తెరుచుకుని తెల్లవారేసరికి తమ్ముడి ఇంటికి వెళ్ళాడన్నారు. ఇప్పుడు ఆ రెండింటి మధ్య ఒకటి రెండు రోజులు గడవాలి, ఆ రోజుల్లో అతను పిప్ పంపిన చేప వంటి పని ఒకటి చేయాలి. తమ్ముడి పిల్లలకు ఖరీదైన ఫోను కొనివ్వడమో, తల్లి పేర గుడికి చందా రాయించడమో, మీ ఊరికి ఏది సరిపోతే అది. తమ్ముడు దాన్ని మర్యాదగా తిప్పి పంపితే, దాక్కోవడానికి అతనికి ఇంకేమీ మిగలదు.

ఎర్రగీత:

అభ్యంతరాలు చెప్పినవాణ్ణి కనుక పని కూడా చెబుతాను. లేఖరిని మొదటి నాలుగైదు అధ్యాయాల్లోనే ఒకసారి చూపించండి, మనవరాలి సీటు కోసం ఫోను చేసి కథానాయకుడి చేత తరువాత మాట్లాడతానని అనిపించుకున్నట్టు. పాఠకుడు అతన్ని బతిమాలే ముసలివాడిగానే గుర్తుపెట్టుకోవాలి, అంతకు మించి ఏమీ అనుమానించకూడదు. భోజనాల దృశ్యం ముగిశాక అతను మళ్ళీ కనిపిస్తే సీటు వచ్చిందా లేదా అన్న విషయం మీదే కనిపించాలి.

అలాగే మీ చిత్తుప్రతిలో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో తమ్ముడు సంతకం పెట్టిన రోజును వెనక్కి వెళ్ళి విడిగా ఒక అధ్యాయంగా రాసి ఉంటారని నా ఊహ. అలా ఉంటే దాన్ని తీసివేయండి. బంతిలో లేఖరి అన్న ఒక్క వాక్యంతో ఆ రోజంతా పాఠకుడికి అందిపోతుంది, అంతకు ముందే మీరు చూపించేస్తే ఆ వాక్యానికి పని ఉండదు.